తమ్ముడు నిలబడమంటున్నాడు, కాలనీ సంతకం పెట్టమంటోంది

విశాఖపట్నంలో పెందుర్తి వైపు ఒక కాలనీ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఎనిమిది పేజీలు, అదీ రెండు వైపులా. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి వరకు క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆవిడకు 44 ఏళ్లు. ఇంటి దగ్గర పదో తరగతి దాకా ట్యూషన్లు చెబుతారు. భర్తకు షిప్‌యార్డులో ఉద్యోగం, తెల్లారకముందు బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు. అమ్మాయి ఇంజినీరింగ్, అబ్బాయి ఇంటర్. 2003లో వాళ్ల నాన్నగారి రెండెకరాలు, పక్క రైతుల మూడెకరాలు కలిపి ఎకరం ఆరు లక్షల చొప్పున అమ్మేశారు. ఆ ఐదెకరాల్లో వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతితో 60 ప్లాట్ల లేఅవుట్ పడింది. అందులో 200 గజాలు పసుపు కుంకుమ కింద కూతురికి దక్కాయి. చిన్నప్పుడు నువ్వులు కోసిన చేలోనే ఆవిడ ఇప్పుడు ఇల్లు కట్టుకుని 17 ఏళ్లుగా ఉంటున్నారు. ఊరికీ కాలనీకీ మధ్య ఒక గెడ్డ, అంటే వాగు. అటు పుట్టిల్లు, ఇటు సొంతిల్లు.

అపార్ట్‌మెంట్లు లేచాక కాలనీలో ఇప్పుడు 140 కుటుంబాలు. మూడేళ్లుగా సంఘానికి ఈవిడే సెక్రటరీ. "ఊళ్లో వాళ్లతో మాట్లాడాలంటే మీరే కరెక్టు" అని కూర్చోబెట్టారట. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలం 1,800 గజాల దాకా ఉంది. శ్రావణమాసంలో ఒకరోజు పొద్దున్నే పాలప్యాకెట్ కోసం వెళ్తే అక్కడ రెండు ట్రాక్టర్ల రాయి దింపి ఉంది. ఒక వెదురుగడ, దానికి కాషాయం గుడ్డ. గడ మొదలు దగ్గర పసుపు రాసిన రాయి, దాని మీద కోసిన నిమ్మకాయ. వారం తిరక్కుండా గుడి కమిటీ ఫ్లెక్సీ వచ్చింది. అందులో మూడో ఫొటో ఆవిడ తమ్ముడిది.

తమ్ముడు ఒకప్పుడు ఇసుక, ఇటుక తోలేవాడు. ఇప్పుడు చిన్న బిల్డరు. ఆ చుట్టుపక్కల ఒక నాయకుడి వెనకాల తిరుగుతాడు. ఆవిడను ఇప్పటికీ "అప్పా" (అక్కా) అనే పిలుస్తాడు. అమ్మాయి ఫీజు కట్టలేక ఇబ్బంది పడ్డప్పుడు అడగకుండానే రెండు లక్షలు తెచ్చి చేతిలో పెట్టాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ అతని దగ్గరే ఉంటుంది. దసరాకి వచ్చినప్పుడు అతను ఇలా అన్నాడట: "అప్పా, ఈసారి మన వార్డు లేడీస్‌కి వచ్చేలా ఉంది. నువ్వు నిలబడు. చదువుకున్నదానివి, ఊళ్లోనూ కాలనీలోనూ నీకు మంచి పేరుంది. ఖర్చు, తిరుగుడు, ఆఫీసు పనులు అన్నీ నేను చూసుకుంటాను. ఆ పార్కు గొడవలో మాత్రం నువ్వు తలదూర్చకు."

ఇటు కాలనీ వాళ్లు ఫిర్యాదు టైపు చేయించి తెచ్చారు. సెక్రటరీ సంతకం చోటు ఖాళీగా ఉంది. నెల రోజులుగా ఆ కాగితం ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద ఉందట. పైగా గెడ్డలో ఎవరో శిథిలాలు పోసి, మీద నాలుగడుగుల తూము వేసి దారి చేసుకున్నారు. మొన్నటి వానలకు నీళ్లు వీళ్ల అరుగు రెండో మెట్టు దాకా వచ్చాయి. "సంతకం పెడితే పుట్టిల్లు పోతుంది, పెట్టకపోతే కాలనీలో తలెత్తుకోలేను. నిలబడితే తప్పా? ఒక మాట దాచకుండా చెబుతాను, నాకూ కొంచెం ఆశగా ఉంది. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర ఉండడం లేదు" అని రాశారు. చివర్లో చిన్న అక్షరాలతో, వచ్చే నెల ఊళ్లో అమ్మవారి పండక్కి పుట్టింటి నుంచి పిలుపు వచ్చింది, వెళ్లాలా వద్దా అని అడిగారు.

ఇక నా మాట.

మీ ఉత్తరంలో మీరే రాసి, మీరే పట్టించుకోని ఒక లెక్క ఉంది. ముందు దాని సంగతి చూద్దాం. ఎకరానికి 4,840 గజాలు. ఐదెకరాలంటే 24,200 గజాలు. అనుమతి ఉన్న లేఅవుట్లలో సాధారణంగా పదో వంతు ఓపెన్ స్పేస్‌గా వదులుతారు, అంటే 2,420. మీరేమో 1,800 అంటున్నారు. మిగతా 620 గజాలు ఏమైనట్టు? మీ తమ్ముడి మనుషులు రాయి దింపింది మొన్న శ్రావణంలో. అంతకుముందే అంత స్థలం కరిగిపోయింది. ఐదో పేజీలో "వెనక వరుస వాళ్లు ప్రహరీలు కాస్త ముందుకు జరుపుకున్నారు, కారు షెడ్డు కూడా ఒకటి ఉంది" అని రాసి, వెంటనే వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఫిర్యాదు మీద కొలతలకు సర్వేయరు వస్తే టేపు గుడి రాయి దగ్గర మొదలవుతుంది గానీ అక్కడే ఆగదు. ఆ కాగితం మీ చేతికిచ్చిన వాళ్లలో వెనక వరుస వాళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకున్నారా? మీ గేటు ముందు ర్యాంపు కూడా ఒకసారి కొలుచుకోండి. ఎగతాళికి అనడం లేదు, అవతలివాళ్లు మొదట వేలెత్తేది అక్కడే.

కాబట్టి సంతకం పెట్టాలా వద్దా అనే ప్రశ్న కంటే ముందు ఆ స్థలం కాగితాల్లో ఎవరిదో తేల్చుకోవాలి. కాలనీలో ఎవరిని అడిగినా "అది పార్కు స్థలమండీ" అంటారు, కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. మా గోపాలపట్నం కాలనీలో ఒక వీధి దారి గురించి ఆరేళ్లు గొడవపడ్డాం. చివరికి లేఅవుట్ కాపీ తీసి చూస్తే అక్కడ దారే లేదు. ఆరేళ్లు మాటలు లేకుండా ఉన్న రెండు కుటుంబాల మొహాలు ఆరోజు చూడాల్సింది.

మీ లేఅవుట్‌కి ఒక ఎల్.పి. నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, ఉంటుంది. మీ ప్లాటు దస్తావేజులోనే ఎక్కడో రాసి ఉంటుంది, వెతకండి. వుడా 2018లో వీఎంఆర్డీఏ అయింది కాబట్టి ఆమోదించిన ప్లాన్ కాపీ అక్కడ అడగాలి. ఓపెన్ స్పేస్‌ను, రోడ్లను అప్పటి పంచాయతీకి గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ చేశారా లేదా అన్నది అసలు ప్రశ్న. గాజువాక మున్సిపాలిటీని, చుట్టూ ఉన్న 32 గ్రామాలను విశాఖలో కలిపి 2005లో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) చేసినప్పుడు పంచాయతీ ఆస్తులన్నీ కార్పొరేషన్‌కి వెళ్లాయి. మీ ఊరూ అందులోదే. బీరువాలు మారినప్పుడు కొన్ని కాగితాలు దారిలో ఉండిపోతాయి. గిఫ్ట్ డీడ్ ఉంటే మీ పని చాలావరకు అయిపోయినట్టే, అది కార్పొరేషన్ ఆస్తి, కాపాడాల్సింది వాళ్లు. డీడ్ లేకపోతే జాగ్రత్తపడాలి. అలాంటి చోట పాత యజమానుల వారసుల చేత సంతకాలు పెట్టించి కొత్త దస్తావేజు పుట్టించే ప్రయత్నాలు జరుగుతుంటాయి. ఆ పాత యజమానుల్లో మీ నాన్నగారు ఒకరు. వారసుల్లో మీరూ, మీ తమ్ముడూ ఉన్నారు. ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. ఈ రెండేళ్లలో ఎప్పుడైనా "ఊరికే ఒక సంతకం, అప్పా" అని ఏదైనా పెట్టించుకున్నాడా? పెట్టి ఉంటే ఆ కాపీ తెప్పించుకోండి. ఆ సర్వే నంబరు మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే ఈసీ కూడా తీయించండి, చిన్న ఖర్చుతో అయిపోతుంది.

ఇదంతా సమాచార హక్కు కింద అడగొచ్చు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, జవాబు రాకపోతే పైన అప్పీలు. దరఖాస్తు మీ పేరుతో పెట్టకపోయినా ఫర్వాలేదు. కాలనీలో రిటైరైన పెద్దలు ఉంటారు, ఇలాంటి పని ఇస్తే సంతోషంగా చేస్తారు. అయితే ఈ 30 రోజులూ అక్కడ రాయి మీద రాయి లేవకూడదు. అందుకే సోమవారం కలెక్టరేట్‌లోనూ, కార్పొరేషన్‌లోనూ జరిగే అర్జీల కార్యక్రమంలో ఒక చిన్న కాగితం ఇప్పించండి: "ఈ స్థలం హద్దులు కొలిచి బోర్డు పెట్టండి, అప్పటిదాకా ఎవరూ ఏమీ కట్టకుండా చూడండి." ఎవరి పేరూ ఎత్తొద్దు. మీ ఫ్రిజ్ మీదున్న ఫిర్యాదులో, మీరు రాసిన దాన్ని బట్టి, నాలుగు పేర్లున్నాయి, రెండోది మీ తమ్ముడిది. ఆ ముసాయిదా నాకు నచ్చలేదు. అది స్థలాన్ని కాపాడడానికి రాసినట్టు లేదు, మనుషుల మీద కసి తీర్చుకోవడానికి రాసినట్టు ఉంది.

సంతకం విషయానికి వద్దాం. సెక్రటరీగా మీరొక్కరే సంతకం చేస్తే అది "అక్క తమ్ముడి మీద పెట్టిన కేసు" అవుతుంది. ఊళ్లో అలాగే చెప్పుకుంటారు, మీ అమ్మకీ అలాగే చేరుతుంది. అదే సర్వసభ్య సమావేశం పెట్టి, తీర్మానం రాసి, వచ్చినవాళ్లందరి చేత సంతకాలు తీసుకుని, "తీర్మానం ప్రకారం" అని మీరు పంపితే అది సంఘం పని. సమావేశంలో మీరే ముందు లేచి చెప్పండి: "నా తమ్ముడు ఆ కమిటీలో ఉన్నాడు. ఇది మీకందరికీ తెలియాలి. అభ్యంతరం ఉంటే ఈ ఒక్క విషయం ఇంకొకరికి అప్పగించండి." దీనివల్ల వచ్చే నష్టం ఒకటే. 140 ఇళ్లలో సంతకానికి వచ్చేవాళ్లు నలభై కూడా ఉండకపోవచ్చు. వాట్సాప్ గ్రూపులో సింహాలు, సమావేశానికి జ్వరాలు. మీ మాట మీద ఎంతమంది నిలబడతారో ఎన్నికల కంటే ముందే తెలిసిపోతుంది, అది కూడా మంచిదే. సంఘం రిజిస్ట్రేషన్ బతికే ఉందో లేదో కూడా చూసుకోండి, ఏటా పంపాల్సిన కార్యవర్గ సభ్యుల జాబితా చాలా సంఘాలు పంపవు.

సెక్రటరీ పదవి వదిలేయడం ఇంకో దారి. మీరు దాన్ని పిరికితనం అని రాశారు, నేనలా అనుకోవడం లేదు. కాగితాల కాపీలన్నీ ముగ్గురి చేతిలో పెట్టి, ఎందుకు తప్పుకుంటున్నారో అందరి ముందు చెప్పి వెళ్తే అది మర్యాదైన పనే. చెప్పకుండా, ఒంట్లో బాగాలేదని తప్పుకుంటే మాత్రం తమ్ముడు మీరు తన వైపని చెప్పుకుంటాడు, కాలనీ కూడా అదే నమ్ముతుంది. ఇక ఏమీ చేయకుండా ఊరుకోవడం ఉంది, ఈ నెల రోజులుగా చేస్తున్నది అదే. స్లాబు పడి, విగ్రహం కూర్చుంటే ఆ తర్వాత ఏ అధికారీ దాని మీద చెయ్యి వేయడు. పార్కులు, రోడ్లు, ప్రభుత్వ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతం ప్రార్థనాలయమూ కొత్తగా కట్టకూడదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి ఇస్తే 1991లో అదే కోర్టు ఒప్పుకోలేదు. కానీ ఇవన్నీ కట్టకముందు పనికొచ్చినంతగా కట్టిన తర్వాత పనికిరావు.

అయితే గుడి కావాలంటున్న మీ ఊరివాళ్లందరినీ కబ్జాదారుల గాటన కట్టకండి. ఉత్తరంలో నన్ను బాగా పట్టుకున్న ముక్క ఏడో పేజీలో ఉంది. మీ చిన్నప్పుడు అమ్మవారి పండక్కి ఘటాలు దించేది, రాత్రి తప్పెటగుళ్లు ఆడేది ఇప్పుడు మీ కాలనీ రెండో లైను ఉన్నచోట అని రాశారు. "మా మేనత్త ఒంటి మీద అమ్మవారు పూనింది ఇప్పుడు అపార్ట్‌మెంటు లిఫ్టు ఉన్న దగ్గర" అన్నారు. చేను అమ్మినవాళ్లకు డబ్బులొచ్చాయి. కానీ చేను లేనివాళ్లు కూడా ఆ ఖాళీలో పండగ చేసుకున్నారు కదా, వాళ్లకేం వచ్చింది? ఆరడుగుల కాంక్రీటు రోడ్డు మీద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఘటం దించాల్సి వస్తోంది. వాళ్లకు చోటు కావాలి. ఆ కోరికలో దొంగతనం లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని వెనకాల ఎవరైనా షాపులు కడతారా, గుడి కమిటీ పేరుతో స్థలం చేతులు మారుతుందా అన్నదే భయం. ఫ్లెక్సీలో గుడి బొమ్మ కింద కమ్యూనిటీ హాలు బొమ్మ కూడా ఉందని మీరే రాశారు. హాలు అద్దెలు ఎవరికి వెళ్తాయో అడిగారా?

మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఇక్కడ ఉంది. కాలనీ వాళ్లకు ఊరంటే "ఆ పల్లెటూరి వాళ్లు", ఊరి వాళ్లకు కాలనీ అంటే "ఆ బయటినుంచి వచ్చినోళ్లు". ఇద్దరి ఇళ్లలోనూ వంటగది దాకా వెళ్లగలిగేది మీరొక్కరే. ఆ స్థలం ఖాళీగానే ఉంటుంది, గోడలు లేవవు, ఏటా అమ్మవారి పండగ మూడు రోజులూ అక్కడే జరుగుతుంది, మిగతా రోజులు పిల్లలు ఆడుకుంటారు, ముసలివాళ్లు నడుస్తారు: ఈ మాట ముందు ఊళ్లో పెద్దావిడలతో అనండి, తర్వాత కాలనీలో అనండి. ఊళ్లో ఒప్పుకుంటారనే నా నమ్మకం. కాలనీలోనే "డప్పుల గోల" అని మూతి విరిచేవాళ్లు ఉంటారు. రాత్రంతా జనరేటర్ పెట్టి చతుర్థి పందిరి వేసుకునేవాళ్లే అంటారు ఆ మాట.

గెడ్డ విషయం దీనితో కలపకండి. అది రెవెన్యూ రికార్డుల్లో గెడ్డ పోరంబోకుగా ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీస్తే వెడల్పు ఎంతో తెలుస్తుంది. అందులో ఎవరికీ వాటా లేదు, నీళ్లు అటు ఊరినీ ఇటు కాలనీనీ ఒకేలా ముంచుతాయి. మీ వైపు గెడ్డలు చాలావరకు చేరేది మేఘాద్రిగెడ్డ రిజర్వాయరులోకే, అక్కడి నుంచి మళ్లీ నగరం కుళాయిల్లోకే. ఫొటోలు తీసి, మెట్టు మీద నీటి గుర్తు చెరిగిపోకముందే రేపే అర్జీ ఇవ్వండి. ఈ కాగితం మీద మీరు మొదటి సంతకం పెట్టడానికి ఎందుకు ఆలోచించాలో నాకు అర్థం కాలేదు. వీలైతే ఊరి నుంచి కూడా పది సంతకాలు తీసుకోండి. కుదిరితే మీ తమ్ముడి సంతకమూ అడగండి. పెడితే సంతోషం. పెట్టకపోతే ఆ శిథిలాలు ఎవరి ట్రాక్టరులో వచ్చాయో మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు నిలబడే సంగతి. మీకు ఆశగా ఉందని రాశారు. దాన్ని తప్పు ఒప్పుకున్నట్టు రాశారు గానీ తప్పేముంది? ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి వార్డు లెక్కలు చూడాలనుకోవడంలో వింత లేదు. నాకు అనుమానమల్లా మీ తమ్ముడు అన్న ఆ ఒక్క మాట మీదే: "అన్నీ నేను చూసుకుంటాను."

అతని మీద నాకు కోపం లేదు. అలాంటివాళ్లు ఎలా తయారయ్యారో మన నగరంలో ఉన్నవాళ్లకు తెలుసు. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో అయిపోయింది. మళ్లీ కార్పొరేటర్లను ఎన్నుకుంది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు వార్డుకు మనిషే లేడు. ఆ తొమ్మిదేళ్లలోనే ఊళ్లు కాలనీలయ్యాయి. ఆనందపురం నుంచి సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా ఆరు లైన్ల రోడ్డు పనులు మొదలయ్యాయి, గజం ధర పెరిగింది. కుళాయి కనెక్షన్‌కి, ఇంటి ప్లానుకి, వీధి లైటుకి ఎవరిని అడగాలో తెలియనప్పుడు "నేను చూసుకుంటాను" అన్నవాడే నాయకుడయ్యాడు. మీ తమ్ముడు చాలామందికి నిజంగానే చూసుకుని ఉంటాడు. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం అని ఒకసారి, తర్లువాడలో డేటా సెంటర్ అని ఒకసారి ప్రకటన వచ్చినప్పుడల్లా మన శివార్లలో ప్రతి ఖాళీ జాగా మీదా పది కళ్లు పడుతున్నాయి. ఇలాంటప్పుడు వార్డు సీటు అంటే ఒట్టి గౌరవం మాత్రమే కాదు.

రిజర్వేషన్ వల్ల మహిళ పేరు కావాలి, పెత్తనం మగవాళ్ల దగ్గరే ఉండాలి. ఊళ్లలో సర్పంచి భర్తలను చూశాం, పట్నంలో కార్పొరేటర్ గారి ఆయనను చూశాం. ఇక్కడ తమ్ముడు, అంతే తేడా. కానీ ఫైలు మీద సంతకం మీది. రేపు ఏదైనా తేడా వస్తే నోటీసు వచ్చేది మీ పేరుతోనే, వివరణ ఇవ్వాల్సిందీ మీరే. కౌన్సిల్‌లో చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తాల్సిందీ మీరే. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానంతో మేయర్ మారినప్పుడు క్యాంపుల గురించి పేపర్లలో చదివే ఉంటారు. మీ అబ్బాయి ఇంటర్ పరీక్షలప్పుడు పది రోజులు ఫోన్ ఆపేసి ఎక్కడో రిసార్టులో కూర్చోమంటే కూర్చోగలరా? ఇలాంటివి పార్టీ టికెట్టు ఇచ్చే బీ-ఫారం చేతికొచ్చాక ఎవరూ అడగరు, ముందే ఆలోచించుకోవాలి.

తమ్ముడి ద్వారానే నిలబడాలనుకుంటే కూర్చుని సూటిగా మూడు మాటలు అడగండి. నా ఫోను, నా సంతకం నా దగ్గరే ఉంటాయా? మన వార్డులో నీ బిల్డింగు పనులు వచ్చినప్పుడు నేను పక్కకు తప్పుకుంటాను, సరేనా? పార్కు స్థలం కొలతలకు నువ్వే ముందుండి ఒప్పుకుంటావా? ఈ మూడోదానికి అతను ఏమంటాడో దాన్ని బట్టి మిగతా రెండింటి జవాబు ఊహించుకోవచ్చు. "అది వేరే సంగతి అప్పా" అన్నాడంటే అతనికి కావలసింది మీ పేరు మాత్రమే. సరే అన్నాడనుకోండి, నేను అతని గురించి తప్పుగా అనుకున్నానని ఒప్పుకుంటాను. అలాంటి మనిషి పక్కనుంటే నిలబడడంలో నష్టం లేదు.

కాలనీ వాళ్లు కొందరు "స్వతంత్రంగా నిలబడండి, మేం గెలిపిస్తాం" అంటున్నారని రాశారు. ప్రేమతో అన్నారు గానీ లెక్క చూడండి. 2021 ఎన్నికల నాటికి నగరంలో 98 వార్డులు. 2011 జనాభా లెక్కల ప్రకారం చూసుకున్నా సగటున ఒక్కో వార్డులో దాదాపు 20 వేల మంది. మీ కాలనీ 140 ఇళ్లు. మిగతావాళ్లకు మీ పార్కు ఎక్కడుందో కూడా తెలియదు, వాళ్లకు వాళ్ల నీళ్లు, వాళ్ల కాలువ. స్వతంత్రంగా నిలబడితే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. అయినా కొందరు ఓడిపోవడానికి సిద్ధపడే నిలబడతారు, ఐదేళ్లు వార్డు తిరిగి పేరు తెచ్చుకుని రెండోసారి గెలుస్తారు. మీకు అంత ఓపిక, మీ ఇంట్లో అంత వీలు ఉన్నాయా? ఎనిమిది పేజీల్లో మీ ఆయన ఏమంటున్నారో ఒక్క ముక్క రాయలేదు. అడగలేదా, లేక ఆయన చెప్పింది నచ్చలేదా?

నిలబడకుండా కూడా చేయాల్సింది ఉంది. 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గానికి ఐదేళ్ల లెక్కన గడువు 2026 మార్చి దాకా. ఓట్లకు ఎవరొచ్చినా, ఏ రంగు కండువా అయినా, మీ అరుగు మీద కూర్చోబెట్టి అడగండి: జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పింది కదా, మన వార్డులో ఎప్పుడు కూర్చోబెడతారు? మన ఓపెన్ స్పేసుల జాబితా గోడ మీద రాయిస్తారా? పన్ను కడుతున్నాం, మన గెడ్డకు పూడికతీత ఎప్పుడు? ఇవి అడగడానికి ఏ పదవీ అక్కర్లేదు. ట్యూషన్ టీచరు గొంతు చాలు.

ఆ రెండు లక్షల సంగతి. అతను అడగలేదు, మీరు మర్చిపోలేదు. ఉత్తరంలో ఆ మాట నాలుగు చోట్ల వచ్చింది. నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదేనేమో. ఒక్కసారే ఇవ్వలేరు, తెలుసు. నెలకు ఐదు వేలో పది వేలో అతని ఖాతాలో వేయడం మొదలుపెట్టండి. మొదటి నెల అతను నొచ్చుకుంటాడు, "ఏంటప్పా ఇది" అంటాడు. వేస్తూ ఉండండి. అప్పు తీరుస్తున్న అక్క "ఈ విషయంలో నేను నీతో లేను" అంటే ఆ మాట వేరేగా వినిపిస్తుంది. అప్పుడు పార్కు గురించి మీరేమన్నా అది పార్కు గురించే అవుతుంది.

ఇదంతా చేశాక కూడా కట్టడం ఆగకపోతే కోర్టు ఉంది. ఖర్చుకు భయపడకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు కాగితాలతో వెళితే వకీలును ఇస్తారు. కానీ అక్కడి దాకా వెళ్తే తమ్ముడితో మాటలు కొన్నేళ్లు ఉండకపోవచ్చు. అమ్మను చూడడానికి మీరు వెళ్లే వేళకు అతను బయటికి వెళ్లిపోవచ్చు. దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పలేను. మీరే తూచుకోవాలి.

మీ అమ్మగారితో మాత్రం ముందే, మీ నోటితోనే చెప్పండి. ఆవిడకు ఆ చేను ప్రతి గట్టూ గుర్తుండి ఉంటుంది. మీ నాన్నగారు అమ్మినప్పుడు "ఇక్కడ పిల్లల పార్కు వస్తుందట" అని ఇంట్లో అన్నారా లేదా, ఆవిడనే అడగండి. అన్నారని ఆవిడ చెబితే, ఆ మాట తమ్ముడి ముందు కూడా ఒకసారి చెప్పమనండి.

పండక్కి తప్పకుండా వెళ్లండి. ఒక పూట ముందే వెళ్లి మరదలితో కలిసి బూరెలు వండండి, ఘటం వెనకాల నడవండి. తమ్ముడు చీర పెడితే కళ్లకద్దుకుని తీసుకోండి. ఆ పళ్లెంలో చీరతో పాటు ఏదైనా కాగితం, పెన్ను కనిపిస్తే మాత్రం "కళ్లజోడు తేలేదురా, ఇంటికెళ్లి చదువుకుంటాను" అని సంచిలో పెట్టుకుని వచ్చేయండి.